తొలి పులస

ఆ ఏడు తొలి పులస చిన్నకోడలి వంతు రోజున పడింది.

ఒక్కరోజు ముందు పడితే గోదారమ్మ సొమ్మేం పోయేది? పోనీ ఒక్కరోజు ఆగినా మరిడమ్మ గుండె చల్లబడేది. ఆదివారం ఆమె వంతు. ఆ రోజంతా వల వేసి లాగితే గుప్పెడు చిత్తుచేపలు, రెండు జెల్లలు వచ్చాయి. మంగళవారం మళ్లీ ఆమె వంతే. మధ్యలో ఉన్న సోమవారం పొద్దున్నే, సిద్ధాంతం ఊరి వంతెన కింద కొత్త ఎర్రనీరు సుళ్లు తిరుగుతూ దిగుతుండగా, అన్నదమ్ములిద్దరూ పడవ ఒడ్డుకు తోసి తడి గోనెపట్టా పైకెత్తారు. కింద కిలోంబావు చేప. ఎండ పడగానే వెండి మీద పసుపు రాసినట్టు మెరిసింది.

బుల్లియ్య, రాజేంద్ర ఒక తల్లి పిల్లలు. పడవ ఒకటే, వల ఒకటే. ఒకరోజు పడింది పెద్దింటికి, మర్నాడు పడింది చిన్నింటికి. వాళ్ల నాన్న పెట్టిన కట్టుబాటు అది. గోదారి ఎవరి వంతున ఎంతిస్తే అంతే. ఎక్కువ పడిందని అవతలివాళ్లు అడగకూడదు, తక్కువ పడిందని ఇవతలివాళ్లు ఏడవకూడదు. ఏడవకూడదన్నది మగవాళ్లు పెట్టుకున్న మాట. బుల్లియ్య పెళ్లాం మరిడమ్మకు మాత్రం ఆ పూట ఏడుపే వచ్చింది.

రాజేంద్ర పెళ్లాం రమ్యశ్రీ రేవులోకి దిగింది. నైటీ మీద చున్నీ, చేతిలో ఫోను. వెనక మూడు కళ్లున్న కొత్త ఫోను. మరిడమ్మ బొడ్లో ఉన్నది బొత్తాల ఫోను. మోగితే ఎత్తడం, ఎర్ర బొత్తాం నొక్కి ఆపడం, అంతవరకే దానితో ఆమెకు పరిచయం.

"ఏవండీ, తోక ఇటు తిప్పండి. నీడ పడుతోంది. వెనకాల వంతెన కూడా రావాలి," అంది రమ్యశ్రీ.

రాజేంద్ర మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. పెళ్లిపీటల మీద కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు వాడు. ఆమె నాలుగు ఫొటోలు తీసింది, మొప్ప ఎత్తించి ఒక వీడియో తీసింది. ఆమె నడిపే 'గోదారి తాజా చేపలు' గ్రూపులో నూటపాతిక ఇళ్లున్నాయి. పెనుగొండ రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్లలో చేప తినే ఆసాములంతా అందులోనే. పడవ ఇంకా నీళ్లలో ఉండగానే బేరాలయిపోతాయి. నీళ్లలో గేదెని బేరం పెట్టడం అంటే మరిడమ్మకు ఇన్నాళ్లూ సామెతే, ఇప్పుడు రోజూ కళ్లతో చూస్తోంది. రాజేంద్ర బండి మీద తిరిగి చేప అందించి వస్తాడు. రమ్యశ్రీ జుట్టు కూడా చెదరదు. చిన్నింటి వంతు చేప ఒకప్పుడు మరిడమ్మ బేసిన్‌లోకే వచ్చేది. ఇప్పుడు రోజు విడిచి రోజు ఆమె పక్క పడవల దగ్గర పరిగల్లాంటి చిన్నచేపలు కొనుక్కుని నెత్తిన పెట్టుకుని నడవాల్సి వస్తోంది.

"అక్కా, ఇది ఇలసా పులసా అని అందరూ అడుగుతున్నారు. నువ్వెలా కనిపెడతావు? నాకూ చెప్పొచ్చుగా," అని పక్కన గొంతుక్కూర్చుంది రమ్యశ్రీ.

ఇలసా పులసా ఒకటే చేప. సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఇలస. కొత్తనీటికి ఎదురీది గోదారిలోకొచ్చాక పులస. రుచిలో నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా, చూపుకి మాత్రం కవలలు. ఎక్కడెక్కడి ఇలసనో ఐసు పెట్టెల్లో తెచ్చి పులసని అంటగట్టే రోజులు. ఆ రేవులో నొక్కి చూసి నికరంగా చెప్పగలిగింది మరిడమ్మ బొటనవేలొక్కటే.

"చెయ్యగా చెయ్యగా అదే వస్తదమ్మా," అంది మరిడమ్మ.

నిరుటి నుంచి ఈ ప్రశ్నకి ఇదే జవాబు. చెప్పడం రాక కాదు, ఇష్టంలేక. ఫోనులో అన్నీ ఉన్నాయి కదా, ఈ ఒక్కటీ నా దగ్గర ఉండనీ అని ఆమె పట్టుదల.

ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. రమ్యశ్రీ మొహం వెలిగిపోయింది. "అయిపోయిందక్కా! ఎవరు తీసుకున్నారో తెలుసా? రత్నమాణిక్యం గారు!"

మరిడమ్మ చేతిలో చుట్టకుదురు జారి ఇసకలో పడింది.

"ఆళ్లు నా వాడుక ఇల్లమ్మా," అంది.

ఒకరి వాడుక ఇంటి గుమ్మం ఇంకొకరు తొక్కకూడదు. గోదారొడ్డున చేపలమ్మే ఆడవాళ్లలో ఎవరూ రాసుకోని చట్టం అది. తిట్టుకున్నా, జుట్లు పట్టుకున్నా ఆ గీత ఎవరూ దాటరు. అందులోనూ రత్నమాణిక్యం గారి ఇల్లు. ఏటా తొలి పులస ఆ ఇంటికి మరిడమ్మ చేతి మీదుగానే వెళ్లాలి. ఆవిడ ఇత్తడి పళ్లెంలో జాకెట్టుముక్క, పసుపు, కుంకుమ పెట్టుకుని వీధి అరుగు మీద ఎదురుచూస్తుంది. పద్నాలుగు జాకెట్టుముక్కలు మరిడమ్మ ట్రంకుపెట్టెలో కుట్టించకుండా అలాగే ఉన్నాయి.

"ఆవిడే మెసేజ్ పెట్టారక్కా, నేనడగలేదు. నేను వాళ్ల గుమ్మం తొక్కలేదు కదా," అంది రమ్యశ్రీ. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే తొక్కలేదు. ఫోనుకి కాళ్లు లేవు.

మరిడమ్మ మొగుడి వైపు చూసింది. బుల్లియ్య వల ముడి విప్పుతూ తల ఎత్తలేదు. "ఒకళ్ల వంతు మీద ఇంకోళ్లు కళ్లెయ్యకూడదే," అని మాత్రం అన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, ఆ చేప పోయినందుకు కాదు, ఆ పిల్ల మొహం అలా వెలిగినందుకు మరిడమ్మకు ఒళ్లంతా మండింది.

*

పదిగంటల వేళ మరిడమ్మ పరిగలమ్ముకుంటూ రత్నమాణిక్యం గారి ఊళ్లోనే తిరుగుతోంది. ఆ వీధిలోకి వెళ్లకూడదని బయల్దేరింది. ముందు వెనక వీధిలో తిరిగింది, ఆ తర్వాత పక్క వీధిలోకి మళ్లింది. అక్కడ నుంచి కాళ్లు ఆమె మాట వినలేదు.

"మరిడీ! నూరేళ్లాయుష్షే నీకు. ఇటు రా," అని అరుగు మీంచి కేకేసింది రత్నమాణిక్యం. అరవై దాటిన మనిషి, భారీగా ఉంటుంది. చేప విషయంలో మొహమాటపడదు.

బేసిన్ దించుకుని లోపలికి వెళ్లిన మరిడమ్మకి ముందు కనిపించింది చేప కాదు, పళ్లెం. అదే ఇత్తడి పళ్లెం. చిలకపచ్చ జాకెట్టుముక్క, పసుపు, కుంకుమ భరిణె, రెండు అరటిపళ్లు. సాయంత్రం తనే వచ్చి కనిపిస్తానని రమ్యశ్రీ ఫోనులో చెప్పిందట. ఆ పిల్ల కోసం పెట్టిన పళ్లెం అది.

"మీ మరిది పొద్దున్నే ఇచ్చి వెళ్లాడు. ఇంకోచోట ఇవ్వాలన్నాడు, డబ్బు మధ్యాహ్నం వచ్చి పట్టికెళ్తానన్నాడు," అంది రత్నమాణిక్యం. "నిరుడు వ్యాన్‌లో అమ్మేవాడి దగ్గర పులసని ఇలస కొని మోసపోయాం చూడు, అప్పణ్నుంచీ మా వాడికి అనుమానం. ఆ ఫోను పట్టుకుని గంట నుంచీ దాని చుట్టూ తిరుగుతున్నాడు."

ఆవిడ కొడుకు గణేష్‌బాబు పెరటి గట్టు మీద చేప ముందు కూర్చుని ఉన్నాడు. అతని ఫోను పుస్తకంలా తెరుచుకుంటుంది. మధ్యలో మడత, రెండు వైపులా అద్దం. దాన్ని చేప మీద పట్టుకుంటే చుట్టూ తెల్లగీత గీసి, పక్కన అక్షరాలు పరిచింది.

"చూడమ్మా, మళ్లీ అదే వస్తోంది. హిల్సా అంట. సముద్రపు చేప అని రాసింది. పులస అనే మాటే లేదు ఇందులో," అన్నాడు.

"దానికి మన గోదారి తెలుసా పెట్టా? ఉండు," అని రత్నమాణిక్యం మరిడమ్మ వైపు తిరిగింది. "నీ చెయ్యి వేసి చెప్పవే. నువ్వంటే అదే."

మరిడమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని చేప పక్కన కూర్చుంది. పొట్ట కింద, రెక్కకి వెనకాల బొటనవేలు ఆనించింది. నొక్కింది. వదిలింది. లోపలి కండ ఆమె వేలిని వెనక్కి తోసింది. ఏటికెదురు ఈది ఈది గట్టిపడ్డ కండ. పొద్దున్న రేవులో ఈ చేపను కళ్లతో చూసింది, ఇప్పుడు వేలికీ తెలిసింది. పులస, అందులోనూ కొవ్వు పట్టిన మొదటి రకం.

నోరు తెరవబోయింది. ఎదురుగా చిలకపచ్చ జాకెట్టుముక్క కనిపించింది.

పులస అని తను చెప్పాలి. తన చెయ్యి చెప్పిన మాటకి పసుపూ కుంకుమా ఆ పిల్ల అందుకోవాలి. సాయంత్రం ఆ పళ్లేనికి కూడా ఒక ఫొటో తీసుకుంటుంది. నూటపాతిక ఇళ్లకీ పంపుతుంది. మరిడమ్మ చేప మీంచి చెయ్యి తీసేసింది.

"నేనేం చెప్తానమ్మగారూ," అంది. తన గొంతు అంత మెత్తగా ఉంటుందని తనకే తెలియదు. "అంత పెద్ద ఫోను, అదే చెప్తోంది కదండి."

"అంటే కాదంటావా?"

"నేననలేదండి. దానికన్నా నాకు ఎక్కువ తెలుసాండి?"

అబద్ధం ఒక్క ముక్క కూడా ఆడలేదు. ఆ తెలివికి తనకే ముచ్చటేసింది. గణేష్‌బాబు "చూశావా అమ్మా" అని ఫోను టప్పున మడిచాడు. రత్నమాణిక్యం మరిడమ్మ మొహం వంక ఒక క్షణం ఎక్కువగానే చూసి, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మరిడమ్మ బేసిన్ నెత్తికెత్తుకుని బయటపడింది. కాళ్లలో కొత్త బలం వచ్చింది. ఆ వీధంతా గట్టిగా కేకేసుకుంటూ తిరిగింది.

*

మధ్యాహ్నానికి చేప తిరిగొచ్చింది. ఎండలో ఊళ్లు తిరిగి, ఐసు కరిగి, మెరుపు తగ్గి వచ్చింది. దానికన్నా ముందే గ్రూపులో గణేష్‌బాబు మాట వచ్చింది. 'ఇది పులస కాదు. మా ఫోన్లో చెక్ చేశాం. జాగ్రత్త.' కింద అతని ఫోను అద్దం ఫొటో. దాని కింద కోపం బొమ్మలు వరసగా దిగాయి. బుధవారానికి చెప్పుకున్నవాళ్లు వద్దన్నారు. కొంతమంది గ్రూపులోంచే పోయారు.

రమ్యశ్రీ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. రాజేంద్ర బండి స్టాండు వేయకుండానే కేకలు మొదలుపెట్టాడు. "నా చేత్తో వలలోంచి తీశానురా అన్నయ్యా! గోదారి మధ్యలో పడ్డ చేపని సముద్రపు చేపంటే నేనేం చెప్పను? ఫోను చెప్పిందంట. ఎవరో తెలిసిన మనిషికి కూడా చూపించారంట, ఆళ్లూ కాదన్లేదంట."

"ఎవురా మనిషి?" అన్నాడు బుల్లియ్య.

"పేరు చెప్పలేదు."

పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో మంట ఊదుతున్న మరిడమ్మ ఒక్కసారి గొట్టం దించింది. అయినా లోపల హాయిగానే ఉంది. దాచడమెందుకు, చాలా హాయిగా ఉంది. నెలల తరబడి గొంతులో ఇరుక్కున్న ముల్లు దిగినట్టుంది. ఆ ఫోను ఇవాళ నోరు మూసుకుంది, టింగుమనడం లేదు. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తింది.

చేప ఇంక అమ్ముడుపోదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. పులస పట్టేవాళ్ల ఇళ్లలో మాత్రం దాన్ని తిన్న జ్ఞాపకం ఎవరికీ ఉండదు. తినేస్తే ఇంకేం మిగులుతుంది? ఆ సోమవారం సాయంత్రం రమ్యశ్రీ కళ్లు తుడుచుకుంటూ మట్టిదాకలో ఆ చేపను పులుసు పెట్టింది. బెండకాయలు, వంకాయలు, పైన ఆవకాయ తేట. సన్నసెగ మీద మరిగించి, ఆరనిచ్చి, మూత పెట్టింది. పులస పులుసు పెట్టిన పూట తినరు, మర్నాడు తింటారు.

మంగళవారం మరిడమ్మ వంతు. వలలో ఏమీ పడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ రమ్యశ్రీ స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "బావగారికీ నీకూ అక్కా. ఎలా కుదిరిందో మరి. మొదటిసారి వండటం," అని పొయ్యిగట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. నాలుగు ముక్కలు. అందులో రెండు పొట్ట ముక్కలే. ఇంట్లో వండినవాళ్లు తమకి ఉంచుకునే ముక్కలవి.

బుల్లియ్య అన్నం కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"ఏభై ఏళ్లొచ్చాయే నాకు. గోదారిలోనే పుట్టాను. ఇది మూడోసారి తినడం," అన్నాడు. "దీన్ని ఇలసన్నోడి నోట్లో మన్ను పడ. నువ్వు తినవేం?"

మరిడమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలిక మీద పెట్టగానే కరిగింది. ఇంత రుచిగా ఉండకుండా ఉంటే బాగుండునని అనిపించింది. ముద్ద నోట్లోనే ఉంది, గొంతు దిగడం లేదు. నమిలింది, నీళ్లు తాగింది, అయినా దిగలేదు. లేచి పెరట్లోకి వెళ్లి ఉమ్మేసింది.

"జొరంగా ఉంది," అని చెప్పింది మొగుడికి.

ఆ రోజుకి ఆమె పశ్చాత్తాపపడిందని ఎవరైనా అంటే అది నిజం కాదు. పొట్ట ముక్కలు ఎందుకు పంపింది ఆ పిల్ల, తలకాయ పంపలేకపోయిందా అని తిట్టుకుంది. మంచితనంలో కూడా తన కన్నా ముందు నడుస్తోందని అదొక కొత్త మంట.

*

బుధవారం చిన్నింటి వంతు. పడ్డ కాస్త చేపా రమ్యశ్రీ ఫొటో తీసి పెట్టింది, ఒక్కరూ అడగలేదు. గురువారం మరిడమ్మ వంతున గోదారమ్మ కరుణించింది. పులస, కిలోన్నరకి పైనే ఉంటుంది, గుడ్లతో పొట్ట నిండిన చెన చేప. బుల్లియ్య దాన్ని ఎత్తి చూపిస్తుంటే మరిడమ్మ ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని తన పేరుగల దేవత మరిడమ్మ తల్లికి మొక్కుకుంది. పెద్దాపురం జాతరకి వచ్చే ఏడు చీర పెడతానంది.

ఐసు ముక్కలు, తడి గుడ్డ, పైన అరిటాకు. బేసిన్ నెత్తిన పెట్టుకుని ఉతికిన చీర కొంగు బిగించి తిన్నగా నడిచింది. దారిలో మొదటి వాడుక ఇంటి దగ్గర వెంకటదుర్గ గారు ముగ్గు వేస్తూ ఆపింది. వంగి అరిటాకు తొలగించి చూసింది. చూసి మళ్లీ కప్పింది.

"మీ పడవదేనా మరిడమ్మా?"

"ఆయ్, మాదేనండి. ఇప్పుడే తీసిందండి."

"అదేలే. మొన్న గ్రూపులో పెట్టారు చూడు, మీ పడవ పులస సంగతి. మావారు మీ దగ్గర కొనొద్దన్నారు. ఏమీ అనుకోకు," అని ముగ్గులో మునిగిపోయింది.

మరిడమ్మ నాలుగడుగులు వేశాక గానీ ఆ మాట తలకెక్కలేదు. పడవ ఒకటే, వల ఒకటే. వంతు ఎవరిదో గ్రూపులో వాళ్లకేం తెలుసు? ఎండ ఇంకా ఎక్కకుండానే వీపు మీద చెమట పట్టింది. రత్నమాణిక్యం గారు అలా కాదు, ఆవిడకి నా చెయ్యి తెలుసు అనుకుంటూ నడక పెంచింది.

అరుగు మీద రత్నమాణిక్యం ఉంది. పళ్లెం లేదు.

"తొలి పులసండి అమ్మగారూ. చెన చేపండి," అంది మరిడమ్మ బేసిన్ దించి, నవ్వు తెచ్చుకుంటూ.

రత్నమాణిక్యం చేప వంక చూసింది, కొడుకుని పిలిచింది. గణేష్‌బాబు వచ్చి ఫోను పుస్తకంలా తెరిచి చేప మీద పట్టుకున్నాడు. చేప చుట్టూ తెల్లగీత వచ్చింది. పక్కన అక్షరాలు వచ్చాయి.

"హిల్సా. సముద్రపు చేప," అన్నాడు.

"కాదండి బాబుగారూ! నొక్కి చూశానండి, పులసేనండి. నా చెయ్యి మీకు తెలీదాండి?"

"మొన్న నువ్వే కదా అన్నావు, దానికన్నా నాకు ఎక్కువ తెలుసా అని," అన్నాడు గణేష్‌బాబు. ఎగతాళి కాదు. పొలంలో మందు ఎంత కొట్టాలో కూడా ఆ ఫోనునే అడుగుతాడు. "మొన్న దాని మాట నిజమైతే ఇవాళ అబద్ధమెలా అవుతుంది?"

మరిడమ్మ అరిటాకు మళ్లీ చేప మీదికి లాగింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. అందులో అంత లోతు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఐసు కరిగి బేసిన్ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. పద్నాలుగేళ్లు ఈ అరుగు మీద తను ఔనంటే ఔను. ఆ మాటని తనే ఎత్తి ఆ అద్దంలో పెట్టింది.

రత్నమాణిక్యం కొడుకుని లోపలికి పొమ్మని సైగ చేసింది. అతను వెళ్లాక నెమ్మదిగా అడిగింది.

"ఇవాళ్టిది పులస అని నీ చేతికి తెలిసింది. అంతేనా?"

"అంతేనండి."

"మరి సోమవారం నాడు?"

ఇప్పుడు కూడా తప్పించుకోవచ్చు. సరిగ్గా చూడలేదండి అనొచ్చు. ఎండకి తెలియలేదండి అనొచ్చు. అంటే, తెలియని చెయ్యి ఇవాళ మాత్రం ఎలా నిజమవుతుంది? ఏ వైపు తిరిగినా ఆ రోజు ఆడని అబద్ధమే ఎదురొస్తోంది.

"సోమవారం నాడూ తెలిసిందండి," అంది మరిడమ్మ నేల చూస్తూ. "అదీ పులసేనండి."

"తెలిసే అన్నావా ఆ మాట?"

"తెలిసేనండి. ఆ పళ్లెం చూసి కడుపు మండిందండి. నా ఇల్లు పోయిందనుకున్నానండి."

రత్నమాణిక్యం కొడుకు వెళ్లిన వైపు ఒకసారి చూసింది. "నోటి దగ్గర చేపని తిప్పి పంపేశాను కదే. నూటపాతికమంది ముందు ఆ పిల్లని మోసగత్తెని చేశాడు మావాడు. ఆ రోజు ఉన్నమాట చెప్పింది ఆ పిల్లొక్కతే," అంది. "మావాడి చేత గ్రూపులో తప్పయిందని పెట్టిస్తాను, అది నా పని. నీ చేపంటావా? నీ చెయ్యి వేసి చెప్తే ఇంక నేను కొనను మరిడీ. ఆ పిల్లని ఫోన్ చేసి పులస అని చెప్పమను. అప్పుడు తీసుకుంటాను."

*

రమ్యశ్రీ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ముందురోజు అమ్ముడుపోని చేపలకు ఉప్పు పట్టిస్తోంది. మోచేతుల దాకా పొలుసు. ఫోను గట్టు మీద బోర్లా పడుంది. మరిడమ్మ బేసిన్ దించి, చెప్పాల్సింది నిలబడే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని భయం. రత్నమాణిక్యం గారి పెరడు, పళ్లెం, బొటనవేలు, తను అన్న మాట, ఒక్కటీ దాచలేదు.

రమ్యశ్రీ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"తెలిసిన మనిషి అంటే నువ్వా అక్కా," అంది. ఉప్పు చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మూడ్రోజుల నుంచీ నా మీద నాకే అనుమానంగా ఉంది. మావాళ్లు గోదారిలో పట్టిందని తెలిసి కూడా, అంతమంది అంటున్నారు కదా, నాకే తెలియదేమో అనుకున్నాను. పులుసు తిన్నావా?"

"ముద్ద దిగలేదమ్మా."

రమ్యశ్రీ లేచి కుళాయి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. ఫోను తీసుకుంది. ఆ ఫోనులో ఒక్క మాట పెడితే చాలు, పెద్దకోడలు ఎలాంటిదో వంతెన దగ్గర్నుంచి పెనుగొండ దాకా తెలుస్తుంది. పెట్టినా తప్పు లేదు. ఐసు మొత్తం కరిగిపోయింది. చేప కన్ను ఇంకా తేటగానే ఉంది, ఇంకో గంట ఆగితే మసకేస్తుంది.

రమ్యశ్రీ నంబరు నొక్కలేదు. చేప ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది.

"చూడకుండా నేను చెప్పనక్కా," అంది. "నేను చెప్పాలంటే నాకు తెలియాలి. ఎక్కడ నొక్కాలి?"

ఏడాది నుంచీ అడుగుతున్న ప్రశ్నే. చెయ్యగా చెయ్యగా అదే వస్తుందని చెప్పడానికి ఇప్పుడు వీల్లేదు. మరిడమ్మ పక్కన కూర్చుంది. తన దగ్గర మిగిలిందల్లా ఈ ఒక్కటీ. ఇది కూడా ఇచ్చేస్తే తనకీ ఆ గట్టు మీద బండకీ తేడా ఏముంటుందో ఆమెకి తోచలేదు. అయినా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఉప్పుకి ఒరుసుకుపోయి వేలికొసలు గరుకెక్కాయి.

"పొట్ట కింద. ఈ రెక్క ఉంది చూడు, దీని వెనకాల. కళ్లు మూసుకో, చూపు మోసం చేస్తది. గోరు కాదు, బొటనేలి మెత్తన ఆనించు. నొక్కు. వదులు. ఏమైంది?"

"వెనక్కి తోసిందక్కా."

"ఎదురీదినదైతే తోస్తది. సముద్రపుదైతే వేలు దిగబడతది. ఇంకోసారి నువ్వే చూడు."

మరిడమ్మ చెయ్యి తీసేసింది. రమ్యశ్రీ కళ్లు మూసుకునే ఒంటి వేలితో చేప పక్క తడుముకుంటూ వెళ్లి, రెక్క దాటి, ఆగింది. సరిగ్గా అక్కడే ఆగింది. ఆ చోటు పట్టుకోవడానికి మరిడమ్మకి మూడు వరద కాలాలు పట్టింది. తల్లి చేత ఎన్ని మొట్టికాయలు తిందో లెక్కలేదు. ఈ పిల్లకి ఒక్కసారికే వచ్చేసింది.

రమ్యశ్రీ వేలు అక్కడే ఉంచి, ఇంకో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "అమ్మగారూ, రమ్యశ్రీనండి. ఆయ్... అక్క చేప ముందే ఉన్నానండి. నొక్కి చూశానండి. పులసేనండి, చెన చేపండి. అక్క పట్టుకొస్తుంది," అంది. మాట తడబడలేదు.

మరిడమ్మ లోపల అదే మంట మళ్లీ లేచింది. ఇంత చెడ్డపని చేసి, ఇంత తల దించుకుని కూడా ఇంకా మండుతోందేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా మంట తగ్గలేదు. కొత్త ఐసు ముక్కలు తెచ్చి చేప చుట్టూ సర్దింది. రమ్యశ్రీ ఫోను పెట్టేసి లేవబోతుంటే ఆ మణికట్టు పట్టుకుని ఆపింది.

"లేవకు," అంది. "చెన నిండినప్పుడు ఒకలా తెలుస్తది, నిండకపోతే ఇంకోలా తెలుస్తది. అదీ చూసి లే."